నిమ్మచెక్కలు పెట్టిన తుపాకీ

నిమ్మకాయ మీద నాకు ఏ కోపమూ లేదు. పులిహోరలో పిండితే రెండు ముద్దలు ఎక్కువే తింటాను. నా కోపమంతా ఆ నిమ్మకాయను రెండు చెక్కలుగా కోసి, కుంకుమ అద్ది, తీసుకెళ్లి నా తుపాకీ మీద బోర్లించిన చేతి మీద. ఆ చేతికి మూడు ఉంగరాలున్నాయి. అదే చెయ్యి అంతకుముందు నా కోసం ఒక్క సంతకం పెట్టమంటే జేబులో దాక్కుంది. ఫోటో అనేసరికి బయటికొచ్చింది.

మొదటి నుంచి చెప్తాను, లేకపోతే నా కోపం నాకే అడ్డమొస్తుంది.

నేను కెనడాలో, కేంబ్రిడ్జ్ అనే ఊళ్లో, కార్లకు ఇనుప బ్రాకెట్లు వంచే ఫ్యాక్టరీలో పనిచేస్తాను. మా ఆవిడ చదువుకోవడానికి ఈ దేశం వచ్చింది. ఆమె వెనకాల స్పౌజ్ వర్క్ పర్మిట్ మీద నేనొచ్చాను. తొమ్మిదో తరగతి మధ్యలోనే బడికి దండం పెట్టినవాణ్ని కాబట్టి, ఉద్యోగం అప్లికేషన్‌లో చదువు అన్న గడి దగ్గర ఏం రాయాలో తెలియక 'కొంచెం ఉంది' అని రాశాను. ఉద్యోగం ఇచ్చారు. నిజం రాసేవాళ్లు తక్కువనుకుంటా.

మా ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే కెనడా పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఇప్పుడు రిటైరయ్యాడు. ఆయనకూ నాకూ స్నేహం కుందేళ్ల దగ్గర కుదిరింది. మా వైపు పొదలు కొట్టి, వలల్లోకి కుందేళ్లను ఎలా తోలేవాళ్లో నేను చేతులతో చూపిస్తే, ఆయన టీ చల్లారిపోయేదాకా విన్నాడు. తర్వాత తన కథ చెప్పాడు. వాళ్ల నాన్న కొన్న పాత లీవర్ రైఫిల్ ఒకటుందట. చిన్న తూటాలది, కుందేళ్లకూ అడవి కోళ్లకూ సరిపోయేది. చిన్నప్పుడు దాంతో కొట్టిన కుందేలే ఆదివారం కూర.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు మా అబ్బాయి దాన్ని బేస్‌మెంట్‌లో బార్ పైన గోడకు తగిలిస్తాడట. బీరు తాగుతూ చూడ్డానికి." ఆ మాట చెప్తుంటే ఆయన మెడ ఎర్రబడింది. "నువ్వు కుందేలు కొడితే ఏం చేస్తావు?"

"తింటాను. ఇంకేం చేస్తారు?"

"ఎలా?"

మిరియాలు, అల్లం వెల్లుల్లి, ధనియాలు, చివర్లో కొత్తిమీర అని చెప్పాను. అది విని ఆయన, లైసెన్స్ తెచ్చుకుంటే రైఫిల్ నీకే అమ్ముతానన్నాడు. షరతు ఒకటే. అది వేటకు పోవాలి. మొదటి కుందేలు వండి తెచ్చి ఆయనకు పెట్టాలి. "అలంకారానికి పెట్టావని తెలిసిన రోజు తిరిగి తెచ్చిచ్చెయ్యాలి. మా అబ్బాయికి ఇవ్వకుండా నీకిచ్చేది అందుకే."

ఒకసారి ఇంటికి తీసుకెళ్లి చూపించాడు. ట్రిగ్గర్ చుట్టూ ఇనుప కడియం లాంటి లీవర్. కిందికి లాగి మళ్లీ పైకి మూస్తే తూటా లోపలికెళ్లి కూర్చుంటుంది. ఆ చప్పుడు, మంచి ట్రంకుపెట్టె గడియ పడినట్టు, ఒక్కసారి వింటే మళ్లీ వినాలనిపిస్తుంది. ఇనుమంతా నల్లగా, కొంచెం నీలంగా పూత. మధ్యలో చెయ్యి పట్టుకుని మోసే చోట మాత్రం ఆ పూత అరిగి వెండిలా తేలింది. "అది మా నాన్న అరచెయ్యి. ఆ పైన నాది" అన్నాడు పెద్దాయన. అంతే. నాకా తుపాకీ మీద మనసు పడిపోయింది.

ఇక్కడ తుపాకీ కొనడమంటే సంతలో మేకను కొన్నట్టు కాదు. క్లాసుకు పోవాలి, పరీక్ష రాయాలి. బడి మానేసినవాణ్ని మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టింది ఆ తుపాకీయే. వేటకు ఇంకో క్లాసు, ఇంకో కార్డు. అవన్నీ పాసయ్యాను. చివరికి లైసెన్స్ అప్లికేషన్‌కి, నన్ను మూడేళ్లుగా ఎరిగిన ఇద్దరు మనుషులు, ఇతను మంచివాడే అని సంతకం పెట్టాలన్నారు. ఇంట్లోవాళ్లు పనికిరారు. ఇదేం పెద్ద పని, నాకు మనవాళ్లున్నారు కదా అనుకున్నాను. అక్కడే నా లెక్క తప్పింది.

మా ఊరి తెలుగువాళ్ల సంఘానికి ఒక పెద్దమనిషి ఉన్నారు. అందరూ ఆయన్ను అంకుల్ అనే పిలుస్తారు. ఆయన ఇల్లు మారినప్పుడు సోఫాలు మోసింది నేను. సంఘం పిక్నిక్‌లో పొగలో నిలబడి చికెన్ కాల్చింది నేను. బతుకమ్మకు టెంటు కట్టి, విప్పి, మడతపెట్టి వాళ్ల గరాజ్‌లో పెట్టింది కూడా నేనే. ఆ ధైర్యంతో వాళ్లింటికి వెళ్లాను.

"తుపాకీనా? నీకెందుకయ్యా తుపాకీ?" అన్నారు.

"కుందేళ్లకు అంకుల్."

"ఏం, ఫ్రీజర్‌లో చికెన్ అయిపోయిందా మీ ఇంట్లో?"

"ఉంది అంకుల్. దానికి తుపాకీ అక్కర్లేదు, డీఫ్రాస్ట్ చేస్తే చాలు."

ఆయన నవ్వలేదు. నా జోకుకు నవ్వని మనిషిని నేను అప్పటికప్పుడే అనుమానించాల్సింది. "చూడు బాబూ, రేపు నువ్వేదైనా చేస్తే పోలీసులు వచ్చి కొట్టేది నా తలుపు. మనవాళ్ల పేరేం కావాలి ఇక్కడ?"

"ఐదేళ్లుగా తెలుసు కదా అంకుల్ నేను మీకు."

"తెలుసయ్యా. తెలిసే అంటున్నాను."

ఆ మాట ఇప్పటికీ చెవిలో గిర్రున తిరుగుతుంది. తెలిసే అంటున్నాను! సోఫా మోసేటప్పుడు తెలిసినవాణ్నే, టెంటు మడతపెట్టేటప్పుడు తెలిసినవాణ్నే, పెన్ను తీయాల్సి వచ్చేసరికి ఇదా ఆయనకు తెలిసింది? పోనీ పెట్టనంటే పెట్టననుకుంటాను. ఊరుకున్నారా? ఊరంతా చెప్పారు. గుడి దగ్గర చెప్పుల స్టాండు పక్కన ఒక ఆంటీ మా ఆవిణ్ని పట్టుకుని గొంతు తగ్గించి, "ఇంట్లో అంతా బానే ఉంది కదమ్మా? ఏదన్నా ఇబ్బందుంటే నాకు చెప్పు" అందట.

"ఇబ్బందేంది ఆంటీ, నాకు కోపమొస్తే అట్లకాడ చాలు, తుపాకీ ఆయనకే" అని మా ఆవిడ జవాబు చెప్పి వచ్చింది. నాకు మాత్రం రెండు రోజులు తిండి సయించలేదు.

చివరికి ఎవరు పెట్టారనుకున్నారు సంతకం? నా పక్క మిషన్ మీద పనిచేసే పంజాబీ తమ్ముడు ఒకడు, మా ఇంటి ఓనరు పోర్చుగీసు ముసలావిడ ఒకతె. పంజాబీ తమ్ముడు అడిగిన ప్రశ్న ఒకటే, నా ఇంటిపేరు స్పెల్లింగ్. ఓనరమ్మ అయితే, కుందేలు కొడితే తోలు జాగ్రత్తగా తియ్యమని మాత్రం చెప్పింది. నా భాష రానివాళ్లు నన్ను నమ్మారు. నా భాషలో నాతో జోకులేసినవాళ్లు నమ్మలేదు. ఇది రాస్తుంటే మళ్లీ మండుతోంది.

నెలలు గడిచి లైసెన్స్ వచ్చింది. పెద్దాయన దాని నంబరు ఫోన్‌లో ప్రభుత్వ ఆఫీసువాళ్లకు చెప్పి, సరే అనిపించుకున్నాకే రైఫిల్ నా చేతిలో పెట్టాడు. పెట్టి కూడా ఒక క్షణం వదల్లేదు. ఇద్దరం చెరో కొస పట్టుకుని నిలబడ్డాం.

వేట సీజన్ అప్పుడే మొదలైంది, కానీ ఫ్యాక్టరీలో ప్రతి శనివారం ఓవర్‌టైమ్. ఈలోగా దసరా వచ్చింది.

మా ఇంట్లో ఆయుధ పూజ ప్రతి ఏడూ చేస్తాం. నా పనిముట్ల పెట్టెలోని పానాలు, మా ఆవిడ లాప్‌టాప్, కుట్టుమిషన్, బయట కారు. మనకు అన్నం పెట్టేవాటికి ఏడాదికోసారి ఒక పువ్వు పెట్టి, ఆ ఒక్కరోజు పని చెప్పకుండా వదిలేయడం. ఈసారి పీట మీద రైఫిల్ కూడా చేరింది. తూటాలు వేరే పెట్టెలో. లీవర్ కిందికి తెరిచి, మధ్యలోంచి కేబుల్ తాళం వేశాను. నోరు తెరిచి పళ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టుంది పాపం. మా ఆవిడ తుపాకీ కర్ర పిడి మీద ఒక బొట్టు, పక్కన ఒక బంతిపువ్వు పెట్టింది. అయిపోయింది. అంతకు మించి మాకేమీ లేదు.

అప్పుడు అంకుల్ ఫోన్. "ఏవయ్యా, ఆయుధ పూజ అంటే అందరం స్పానర్లూ కత్తిపీటలూ పెట్టుకుంటాం. అసలు ఆయుధం ఉన్న ఇల్లు ఊరు మొత్తానికి మీదే కదా! వస్తున్నాం." అదే నోరు! పోలీసులు తలుపు కొడతారన్న నోరు. నేను ఏదో అనబోతే మా ఆవిడ ఫోన్ లాక్కుని, "రండి అంకుల్, భోజనం ఇక్కడే" అంది. పండగ పూట ఇంటికొస్తామన్నవాళ్లను వద్దనడం ఆమెకు చేతకాదు.

ఆయన తన భార్యతో, అదే మా ఆంటీతో, కలిసి కొత్త బండిలో వచ్చారు. పట్టుపంచె సంచిలో తెచ్చుకుని మా బాత్రూంలో కట్టుకున్నారు. బయటికి వస్తూనే బండి తాళాలు నా చేతిలో పెట్టి, "టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించెయ్, కొబ్బరికాయ కూడా నువ్వే కొట్టెయ్" అన్నారు. సోఫాలు మోసిన అలవాటు, నేను తీసుకుని బయటికి పోయాను. నిమ్మకాయలు తొక్కించాను. ఓనరమ్మ తిడుతుందని కొబ్బరి పెంకులు ఏరి, డ్రైవ్‌వే ఊడ్చాను. లోపల మా ఆవిడ గారెలు వేయిస్తోంది.

నేను లోపలికి వచ్చేసరికి నా తుపాకీ లేదు. పీట మీద ఉన్నది ఇంకేదో. పొడుగునా కుంకుమ. గొట్టానికి దండ. తెరిచిన లీవర్ లోపలికి కొబ్బరినీళ్లు. మధ్యలో ఆ నల్లటి ఇనుము మీద, సరిగ్గా ఆ అరచేతి అరుగుదల పక్కన, రెండు నిమ్మచెక్కలు కుంకుమతో బోర్లించి ఉన్నాయి. "ఆయుధానికి బలి కావాలయ్యా, నిమ్మకాయన్నా కొయ్యకపోతే ఎట్లా!" అన్నారు అంకుల్. అప్పటికే దాన్ని ఒళ్లో పెట్టుకుని, మీసం లేని చోట మీసం తిప్పుతూ ఫోటోలు దిగి, మళ్లీ పడుకోబెట్టి చెక్కలు పెట్టారని ఆంటీ మురిపెంగా చెప్పింది. తాళం వేసి పోయాను కాబట్టి సరిపోయింది.

నేను చెయ్యి పెట్టబోతే, "పూజలో కదిలించకూడదు, భోజనాలయ్యాక" అన్నారు. మా ఆవిడ వంటింట్లోంచి చూసిన చూపుకు అర్థం నాకు తెలుసు. నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయన గారెలు తిన్నారు, పులిహోర తిన్నారు, పెరుగన్నం తిన్నారు, ఉద్యోగాలు లేవన్నారు, చలికాలం ముందే వచ్చేట్టుందన్నారు, మళ్లీ ఒక గారె తిన్నారు.

చివరికి చెక్కలు తీస్తే కింద రెండు తెల్లటి గుండ్రాలు. మరకేమో అనుకుని తడిగుడ్డతో తుడిచాను. నూనె పెట్టి రుద్దాను. ఎంత రుద్దితే అంత తెల్లగా తేలాయి. మరక కాదు అది, ఉండాల్సిన పూతే అక్కడ లేదు.

"మెరుస్తోంది చూడవయ్యా, శుభం!" అన్నారు అంకుల్ చెయ్యి తుడుచుకుంటూ.

"అంకుల్, ఇంకో రెండు నిమ్మకాయలున్నాయి. మీ కొత్త బండి బానెట్ మీద పెట్టి, ఎంత శుభమో చూద్దామా?"

"బండికీ దీనికీ పోలికేంటి? పాత ఇనుమేగా ఇది."

నేనేమన్నానో ఇక్కడ రాయలేను. మా ఆవిడ వంటింటి కిటికీ మూసింది. అంకుల్, ఆంటీ మేం కట్టిచ్చిన గారెల డబ్బా కూడా వదిలేసి వెళ్లిపోయారు.

అది అక్కడితో ఆగలేదు. అంకుల్ ఆ ఫోటోలను ఫేస్‌బుక్‌లో పెట్టి, ప్రేమగా నా పేరు కూడా తగిలించారు. పంజాబీ తమ్ముడు చూసి సంతోషపడ్డాడు. నా తుపాకీ ఎంత అందంగా ఉందో చూడమని, కాఫీ షాపులో పెద్దాయనకు చూపించాడు. ఆ సాయంత్రమే ఫోన్ మోగింది.

"క్రిస్మస్ చెట్టు చేశావు దాన్ని" అన్నాడు పెద్దాయన. "మాట గుర్తుందిగా. తిరిగి తెచ్చెయ్." పెట్టేశాడు.

 రైఫిల్ కేసు కారులో పెట్టుకుని సరాసరి అంకుల్ ఇంటి ముందు ఆగాను.

"కారెక్కండి అంకుల్."

"ఎక్కడికయ్యా?"

"ఆ తుపాకీ ఇచ్చినాయన దగ్గరికి. మీరు చేసిన పని మీ నోటితో చెప్పండి."

"నేనా? నాకేం సంబంధం ఆయనతో?"

"భయపడకండి. సంతకం అడగను."

లోపలినుంచి ఆంటీ, "వెళ్లండి, ఫోటోకైతే అందరికన్నా ముందు మీరే కూర్చున్నారుగా!" అంది. ఆ ఇంట్లో నిజం మాట్లాడే మనిషి ఒకరున్నారని నాకు ఆరోజే తెలిసింది.

పెద్దాయన వంటగదిలో బల్ల ముందు కూర్చున్నాం. అంకుల్ ఇంగ్లీషులో, "సర్, ఇన్ అవర్ కల్చర్..." అని మొదలుపెట్టి రాజుల దాకా వెళ్లారు. పెద్దాయన అంతా విని ఒకటే అడిగాడు.

"నువ్వు వేటాడతావా?"

"నో నో సర్! శనివారం గుడ్డు కూడా ముట్టను."

"మరి ఫోటోలో తుపాకీ పట్టుకున్నది నువ్వెందుకు?"

అంకుల్ దగ్గర దానికి కల్చర్ లేదు. బల్ల మీది ఉప్పు డబ్బా కేసి చూశారు.

అప్పుడు నేను చెప్పాను. ఇది అలంకారం కాదు, మాకు తిండి పెట్టే పనిముట్టుకు ఏడాదికోసారి పెట్టే పువ్వు. నా పానాలకూ పెడతాను, మర్నాడు అవే పానాలు గ్రీజులో ఉంటాయి. రైఫిల్‌కూ అంతే అనుకున్నాను. నిమ్మచెక్కలు మాత్రం నా ఇంటి పద్ధతి కాదు, ఈ మనిషి పైత్యం. కేసు తెరిచి చూపించాను. పెద్దాయన బొటనవేలు ఆ రెండు తెల్ల గుండ్రాల మీద ఆగింది. నిమ్మరసం పులుపు ఆ పూతను తినేస్తుందని ఆయనే చెప్పాడు.

"మళ్లీ పూత వేయించొచ్చు కదా సర్" అన్నారు అంకుల్.

"వేయాలంటే మొత్తం గీకాలి. మా నాన్న చెయ్యి కూడా పోతుంది." ఆయన అంకుల్ కేసి చూసిన చూపు చూసి, నేను తిట్టినవన్నీ దండగ అనిపించింది. నాకు ఇంగ్లీషులో అలా చూడ్డం రాదు.

తర్వాత నా వైపు తిరిగాడు. "పువ్వు సంగతి సరే. కుందేలేదీ?"

 ఓవర్‌టైమ్ అన్నాను. ఓవర్‌టైమ్ అన్న మాట ఆయన ముందు చాలా చిన్నగా వినపడింది.

"శనివారం చీకటి పడేదాకా చూస్తాను. కుందేలు రావాలి. లేదంటే తుపాకీ రావాలి."

ఆ శనివారం పనికి రానని సూపర్‌వైజర్‌కి చెప్పేశాను. పెద్దాయన స్నేహితుడి పొలంలో వేటకు ఎప్పుడో అడిగి పెట్టుకున్నాను. మొక్కజొన్న కోసేసిన చేను అంచున పొదలు, కూలిన కంచె, చెమ్మ పట్టిన ఆకులు. పొద్దున్నే ఒక కుందేలు కనిపించింది. గురి చూసి కొట్టాను. తప్పింది. తప్పదా మరి? గురిలో కుందేలు లేదు, పట్టుపంచె ఉంది. కాసేపటికి ఇంకోటి. అదీ తప్పింది. తెలిసే అంటున్నాను, తెలిసే అంటున్నాను అని చెవిలో మోగుతుంటే ఎవడికి గురి కుదురుతుంది? ఒక దుంగ మీద కూర్చుని, వినడానికి మనిషి లేడు కాబట్టి, అంకుల్‌ని నా భాషలో కడుపునిండా తిట్టాను. ఒక కాకి లేచిపోయింది. తిట్లు అయిపోయాక చుట్టూ నిశ్శబ్దం. అప్పుడు కనిపించింది, కొమ్మల కుప్ప కింద కదలకుండా కూర్చున్న చెవులు. లీవర్ మెల్లగా మూశాను. గడియ పడింది. ఈసారి పట్టుపంచె లేదు.

వంట నేనే చేశాను. మిరియాలు తగ్గించమని మా ఆవిడ అంది. తగ్గించలేదు. వేడి టిఫిన్ డబ్బా ఒక చేత్తో, రైఫిల్ కేసు ఇంకో చేత్తో పట్టుకుని, వెలుతురుండగానే పెద్దాయన తలుపు కొట్టాను. ఏది ఉంచుకుంటాడో ఆయనే తేల్చుకోనీ అని రెండూ బల్ల మీద పెట్టాను.

ముందు డబ్బా తెరిచాడు. రెండో ముక్కకే దగ్గాడు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ముక్కు తుడుచుకున్నాడు, నీళ్లు తాగాడు. బాగుందనలేదు. ఖాళీ ప్లేటు మళ్లీ నా వైపు జరిపాడు. అంతా అయ్యాక కేసు తెరిచి, రైఫిల్‌ని ఎలా మోయాలో చూపించాడు, నాకు తెలియనట్టు. నా చెయ్యి తీసి మధ్యలో పెట్టాడు. నా వేళ్లు సరిగ్గా ఆ తెల్ల గుండ్రాల మీద పడ్డాయి.

"ఇలాగే పట్టుకుని కొన్నేళ్లు తిరుగు. నీ చేతి అరుగుదలలో కలిసిపోతాయి" అని కేసు మూసి, నా వైపే నెట్టాడు.

మర్నాడు అంకుల్ ఫోన్ చేశారు. గొంతులో బెల్లం. "ఏవయ్యా, కుందేలు కూరంట! ఏదన్నా మిగిలిందా? ఆదివారం కదా, నేను తింటాను."

"తప్పకుండా అంకుల్. కాకపోతే చిన్న రూలుంది. మిమ్మల్ని మూడేళ్లుగా ఎరిగినవాళ్లు, చుట్టాలు కానివాళ్లు, ఇద్దరు మీరు మంచివాళ్లని సంతకం పెట్టి పంపాలి. మీరెవరో తెలుసు అంకుల్ నాకు. తెలిసే అంటున్నాను."

ఆయన జోకనుకుని పెద్దగా నవ్వారు. ఫోన్ పెట్టేసి, మిగిలిన కూరంతా గిన్నె గీకి మరీ తిన్నాను.